సిద్ధమ్మ కుర్చీ

సిద్ధమ్మను కుర్చీలో కూర్చోబెట్టడానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఆ కుర్చీ ఆమెకు కాకుండా చెయ్యడానికి ఒక్క నిమిషం సరిపోయింది. రెండూ చేసింది నేనే. ఆమె గురించి చెప్పే అర్హత నాకుందా అంటే లేదనే అంటాను. కానీ ఆమె తన గురించి తాను చెప్పుకునే మనిషి కాదు.

మేము మిషను కాంపౌండులోకి మారింది ఎనభై నాలుగు సెప్టెంబరులో. కువైట్ నగరంలో సముద్రం వైపు, ఎత్తైన గోడ లోపల ఒక ప్రార్థన మందిరం, దాని వెనక వరసగా గదులు. శుక్రవారం వచ్చిందంటే ఆ ఒక్క మందిరంలోనే గంటకో భాషలో ఆరాధన. మలయాళం వాళ్ళు బయటికి వస్తుంటే అరవం వాళ్ళు లోపలికి, వాళ్ళ తరవాత మేము. సంఘాలకు సేవకుల్ని, అంటే పాస్టర్లను, తయారుచెయ్యడానికి అక్కడ ఏడాది శిక్షణ ఇచ్చేవారు. ఆ ఏడాది తెలుగువాళ్ళం రెండే కుటుంబాలం, పక్కపక్క గదులు. ఫహాహీల్లో కొత్తగా మొదలైన తెలుగు సంఘానికి కావలసింది ఒక్క సేవకుడు. ఇద్దరిలో ఒకరు మిగిలిపోతారని మొదటి రోజే అందరికీ తెలుసు. తెలిసే ఒకరింటి కూర ఒకరికి ఇచ్చుకున్నాం.

మా ఆయన సత్యానందం అంతకుముందు అమ్ఘరాలో ఇనప సామాను యార్డులో గుమాస్తా. ఈ పని రాకపోతే తిరిగి రమ్మని యజమాని చెప్పే పంపాడు. అంటే మాకు వెనక ఒక తలుపు తెరిచే ఉంది. పిల్లల్లేరు కాబట్టి ఆ బెంగా లేదు.

సిద్ధమ్మ సంగతి వేరు. రాయచోటి పక్క పల్లె. డెబ్భై తొమ్మిదిలో, ఏడాది నిండని కూతుర్ని తల్లి దగ్గర వదిలి మిష్రిఫ్‌లో ఒక కువైటీ ఇంట్లో పనికి వచ్చింది. రెండేళ్ళకు మొగుడు బంగారయ్య అదే ఇంటికి డ్రైవరుగా వచ్చాడు. ఐదేళ్ళు ఆమె తను మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలి పిల్లల్ని పెంచింది, సొంత పిల్లను ఫోటోలో చూసింది. బంగారయ్యకు బైబిలు వాక్యం మీద మనసు పుట్టి శిక్షణకు వస్తానంటే మామా కోప్పడకుండా ఇఖామాలు, అంటే అక్కడ ఉండే అనుమతి కాగితాలు, మార్చుకోనిచ్చింది. వచ్చాక కాంపౌండు పెద్దలు పాపను రప్పించడానికి కాగితాలు పెట్టారు. దీవెన దిగేసరికి ఆరేళ్ళు. ఆ కాగితాలు శిక్షణ ఉన్నంతవరకే. ఫహాహీల్ పని వస్తే పాప అమ్మా నాన్నల దగ్గర ఉంటుంది. రాకపోతే వీళ్ళు మళ్ళీ మిష్రిఫ్, పాప మళ్ళీ అమ్మమ్మ దగ్గరికి. మామా మంచిదే, కానీ పనివాళ్ళ పిల్లలకు ఆ ఇంట్లో చోటు లేదు.

మొదటి వారంలో నేను ఆమెను చూసి నవ్వినంత నవ్వు మళ్ళీ నవ్వలేదు. కాంపౌండులో ఆరుకు గంట కొడితే మేమంతా కళ్ళు నులుముకుంటూ లేచేవాళ్ళం. అప్పటికే వరండా ఈ చివర నుంచి ఆ చివరకు తడిబట్ట పెట్టేసి, అందరి చెప్పులూ దులిపి జతలు జతలుగా పేర్చి ఉండేది సిద్ధమ్మ. మాకు పాఠాలు చెప్పే టీచరమ్మను ‘మామా’ అని పిలిచేది. టీచరమ్మ అరవావిడ, మేనమామను పిలిచినట్టుండి ఆమె మొహం ఎర్రబడేది. క్లాసులో అందరం బల్లల మీద కూర్చుంటే సిద్ధమ్మ గోడకు ఆనుకుని నిలబడేది. నిలబడి కూడా ఊరుకునేది కాదు. కిటికీ చువ్వల మీది ఇసుకను కొంగుతో తుడుస్తూ ఉండేది. వేళ్ళకు పని లేకపోతే ఆమెకు ఊపిరాడేది కాదు.

“ఏవిటే ఆ తిరుగుడు, కాసేపు కూర్చోవచ్చు కదా,” అన్నానొకసారి.

“కూచుంటే ఎవురో పిలిచినట్టే ఉంటాదక్కా. యాడ కూచున్నా చెవులు గేటుకాడే ఉంటాయి,” అంది.

మిష్రిఫ్‌లో బాబా, అంటే ఇంటి యజమాని, కారు వచ్చి రెండుసార్లు హారను కొడితే, మూడోసారి కొట్టేలోపు గేటు తెరిచి ఉండాలట. తింటున్నా, స్నానంలో ఉన్నా సరే. ఐదేళ్ళు అలా పరిగెత్తిన కాళ్ళవి.

నన్ను నువ్వు అంటుందని మొదట్లో నాకు చురుక్కుమనేది. మా నరసాపురం వైపు కొత్తవాళ్ళను ‘అండీ’ లేకుండా పిలవం. వాళ్ళ సీమలో అక్కా అన్నాక ఇక మీరు ఉండదని తరవాత అర్థమైంది. ఇంకొకటి కూడా చెప్పాలి. మా గది ముందు వేసిన ఎంగిలి గిన్నెలు ఆమె తోమేసేది. వద్దని నేను ఒక్కసారీ అనలేదు. హాయిగా ఉండేది నాకు.

పాపతో మాత్రం ఆమెకు చేత కాలేదు. దీవెన గోడవైపు తిరిగి పడుకునేది. తల్లిని ‘ఆమె’ అనేది. సిద్ధమ్మకు పిల్లల్ని సముదాయించడం రాదా అంటే, నలుగురు కువైటీ పిల్లల్ని పెంచిన మనిషి. కానీ ఆ పెంపకమంతా అరబ్బీలోనే. జడ వేయబోతూ “తాలీ, తాలీ” అని పిలిచేది, స్నానానికి “యల్లా” అని తొందరపెట్టేది. ఆ పిల్ల బెదిరిపోయి బంగారయ్య వెనక దాక్కునేది. ఒకరోజు సిద్ధమ్మ నా గుమ్మంలో నిలబడి ఏడ్చింది. “మామా పిల్లకాయలు జరమొస్తే నా ఒళ్ళోనే పండుకుంటాండ్రి అక్కా. నా బిడ్డ నన్ను ముట్టుకోదు,” అంది. నాకు జాలి కలిగింది. అది నిజం జాలి, దాన్ని నేను ఇప్పుడు కూడా కాదనను.

సేవకుడి భార్యంటే మా సంఘాల్లో ఊరికే భార్య కాదు. ఆయన అయ్యగారైతే ఆమె అమ్మగారు. ఇంటికి ఎవరొచ్చినా ఎదురుగా కూర్చుని కష్టసుఖాలు అడగాలి, గట్టిగా ప్రార్థన చెయ్యాలి. శిక్షణ చివర, పని ఎవరికివ్వాలో తేల్చే కమిటీ పెద్దలు ఒక్కో కుటుంబం గదికి భోజనానికి వచ్చేవారు. పరీక్ష అని ఎవరూ అనరు, పరీక్షే అది. ఇంటావిడ వంట చేసి మూల నిలబడితే కుదరదు, పెద్దలతో సమానంగా కూర్చుని తినాలి. బంగారయ్య వాక్యం చెబితే మా ఆయనకంటే బాగా చెబుతాడని అందరూ ఒప్పుకున్నారు. సందేహమంతా సిద్ధమ్మ మీదే.

జనవరిలో నేనే పూనుకున్నాను. మా గదిలోని ఇనప మడత కుర్చీ తీసుకెళ్ళి ఆమె గదిలో వేశాను. సాయంత్రాలు నేను పెద్దాయన భార్యనై వచ్చేదాన్ని, ఆమె ఎదురు కూర్చోవాలి. కూర్చునేది, నేను దగ్గితే నీళ్ళకు లేచేది. కూర్చునేది, కుక్కరు కూస్తే లేచేది. చివరికి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోమన్నాను. ఈ తమాషా చూడ్డానికి దీవెన మెల్లగా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం సిద్ధమ్మ లేవబోతుంటే ఆ పిల్ల రెండు చేతులతో భుజాలు పట్టి నొక్కింది.

“కూచో మా, లేసినావంటే ఓడిపోయినట్టే,” అంది.

అమ్మా అని పిలవడం అదే మొదలు. సిద్ధమ్మ కదలకుండా కూర్చుంది. ఆ పూట గంటసేపు కూర్చుంది. అప్పటినుంచి పిల్ల ఆమె కొంగు వదలలేదు.

మే నెలలో మా ఇంటి భోజనం అయింది. బాగానే జరిగింది, గొప్పగా ఏం కాదు. మా ఆయన తడబడ్డాడు. మమ్మల్ని అప్పటిదాకా చూడని కమిటీ అధ్యక్షుడు ఆ వారం దేశంలో లేడు, తక్కిన ఇద్దరే వచ్చారు. తరవాతి శుక్రవారం సిద్ధమ్మ వంతు. వడ్డనకు సాయం రమ్మని నన్ను పిలిచింది. వెళ్ళాను. ఆమె నీలం చీర కట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. తొడల కింద కాదు. ఆ ఇద్దరు పెద్దలను పిల్లల చదువులు అడిగింది, ఊళ్ళు అడిగింది. అధ్యక్షుడు కాస్త ఆలస్యంగా వస్తాడన్నారు. నేను స్టవ్వు దగ్గర గరిటె పట్టుకుని చూస్తున్నాను. పని వీళ్ళదే అని అప్పుడు తెలిసిపోయింది. నేను నేర్పిందే కదా అనుకున్నాను.

ఒక పెద్దాయన భోజనానికి ముందు ప్రార్థన మొదలుపెట్టాడు. అందరం కళ్ళు మూసుకున్నాం. గేటు దగ్గర వాచ్‌మన్ నూర్ బాషా జుమ్మా నమాజుకు వెళ్ళి ఉన్నాడు. ప్రార్థన సగంలో ఉండగా బయట కారు హారను రెండుసార్లు మోగింది.

ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి కుర్చీ ఖాళీ.

బంగారయ్య గుమ్మం దాకా వెళ్ళి తొంగిచూస్తున్నాడు. వరండాలో బూట్ల చప్పుడు దగ్గరికి వస్తోంది. నేను గరిటె కింద పెట్టి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. వచ్చేవాడి కళ్ళకు ఇంటావిడ లేని కుర్చీ కనబడకూడదని కూర్చున్నానని ఆ రాత్రి మా ఆయనకు చెప్పాను. నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను.

అధ్యక్షుడు లోపలికి రాగానే నా వైపు తిరిగి చేతులు జోడించాడు. “ఆలస్యమైంది అమ్మగారూ, ఏమీ అనుకోకండి. ఇల్లు ఎంత శుభ్రంగా పెట్టారండీ,” అన్నాడు.

“పర్లేదండీ, కూర్చోండి,” అన్నాను నేను.

తక్కిన ఇద్దరికీ నేనెవరో తెలుసు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బంగారయ్య నోరు తెరిచాడు. అంతలో సిద్ధమ్మ కారులోని బత్తాయి పెట్టె మోసుకుంటూ వచ్చి, అలవాటు ప్రకారం గుమ్మం అవతలే ఆగింది. గేటు తీసి, తల వంచుకుని నిలబడి, డిక్కీలోది తెమ్మంటే తెచ్చింది.

“అక్కడ పెట్టి వెళ్ళమ్మా,” అన్నాడు అధ్యక్షుడు.

ఆమె నన్ను చూసింది, కుర్చీని చూసింది. పెట్టె కింద పెట్టి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

“మా,” అని అరుస్తూ దీవెన వెనకే పరిగెత్తింది.

అప్పుడు తెలిసింది ఆయనకు. చాలా నొచ్చుకున్నాడు, పిలిపించాడు, పక్కన కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడి, అందరికీ రెండోసారి కూర అడిగి వడ్డించింది. మూడు రోజులకు నిర్ణయం వచ్చింది. ఫహాహీల్ సంఘం మాకు. బంగారయ్యకు వాక్యజ్ఞానం బాగుందనీ, ఇంటావిడకు ఇంకా తర్ఫీదు కావాలనీ చెప్పారు. జూన్‌లో ఊరికి పోతున్నవాళ్ళెవరో చెయ్యి పట్టుకుని దీవెనను విమానం ఎక్కించారు. సిద్ధమ్మ, బంగారయ్య మిష్రిఫ్ వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు మడత కుర్చీ తుడిచి మా గుమ్మంలో పెట్టి వెళ్ళింది.

నేను అమ్మగారినయ్యాను. శుక్రవారం శుక్రవారం ముందు వరసలో నాకొక కుర్చీ వేస్తారు. దాంట్లో పది నిమిషాలు కుదురుగా ఉండలేను. నీళ్ళకని, పుస్తకాలకని, ఎవరో వచ్చారని లేస్తూనే ఉంటాను. మా అమ్మగారికి ఎంత ఓపికో అని ఆడవాళ్ళు మెచ్చుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది.

రెండేళ్ళ తరవాత, ఎనభై ఏడు చలికాలంలో, ఆరాధన అయి అందరూ వెళ్ళిపోయాక సిద్ధమ్మ వచ్చింది. సెలవు శుక్రవారమట. మిష్రిఫ్ నుంచి బస్సులు మారి వచ్చింది. చేతిలో కవరు.

“పాప జాబు రాసిందక్కా. దీవెన నాయన మామాను కార్లో తీసుకోని వేరే ఊరికి పోయినాడు, చదివేవాళ్ళు లేరు,” అంది.

హాలులో కుర్చీలన్నీ మడిచేశారు, ముందు వరసలో నాది ఒక్కటే ఉంది. “కూర్చో సిద్ధమ్మా,” అన్నాను, లేదంటుందనే అనుకుంటూ.

“కూచుంటా. కాళ్ళు పీకుతాండాయి,” అని కూర్చుంది. వెనక్కి ఆనుకుని కూర్చుంది.

జాబు చిన్నది. నాలుగో తరగతికి వచ్చానని, అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పులని, నీ మొహం సరిగ్గా గుర్తు రావడం లేదు, ఫోటో పంపమని రాసింది. ఆ వాక్యం దగ్గర జాబు కిందికి దించి అన్నాను. “సిద్ధమ్మా, ఆ రోజు కుర్చీ ఖాళీగా ఉంటే బాగోదని కూర్చున్నానే. పెద్దాయన అలా అనుకుంటాడని అనుకోలేదు.”

ఆమె కోపంగా చూడలేదు. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

“నేను పెట్టె తీసుకోని వస్తా వరండాలోనుంచి కిటికీలో చూస్తానే ఉండాను కదక్కా,” అంది. “ఆయప్ప లోపలికొచ్చినాక కూడా నువ్వు లెయ్యల్యా. కుచ్చిళ్ళు సర్దుకోని ఇంకా బాగా కూచున్నావు.”

అది నిజమని ఆమె అనేదాకా నాకే తెలియదు.

“ఫోటో స్టూడియో యాడుందో చూపిస్తువుగానీ,” అంది సిద్ధమ్మ కాళ్ళు చాపుకుంటూ. “ముందు జాబు మళ్ళా మొదట్నుంచి చదువు.”

నిలబడే చదివాను.