సుజాత అన్న ‘నైదర్ డిడ్ ఐ’

మా చిన్నప్పుడు ఇంట్లో బియ్యం లేవని అనకూడదు... “నిండుకున్నయ్ అనాలె బిడ్డా” అనేది అమ్మ. డబ్బా అడుగు కనిపిస్తున్నా సరే.

జగదేవ్‌పూర్ దగ్గర మా ఊరు. అమ్మ నాట్లకు కూలికి పోతూనే, పట్టుబట్టి నన్ను ఇంగ్లీషు మీడియంలో వేసింది. బియ్యం నిండుకున్న రోజు కూడా ఖాళీ టిఫిన్ డబ్బా నా సంచిలో పెట్టేది. “నలుగుట్ల ఇజ్జత్ పోవొద్దు” అనేది.

అలాంటి ఒక రోజే మా టీచర్ కొత్త పాఠం మొదలుపెట్టింది. ఎవరైనా “నేను ఫలానా పని చేయలేదు” అంటే, “నేనూ చేయలేదు” అని ఇంగ్లీషులో ఎలా వంత పాడాలో నేర్పింది. ఒకరు లేచి చెప్పాలి, మిగతావాళ్లు అందుకోవాలి.

నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను... ఉన్న మాటే నోట్లోంచి వచ్చేసింది.

“ఐ డిడ్ నాట్ ఈట్ టుడే.”

“వెరీ గుడ్,” అంది టీచర్. వెనక బెంచీ దాకా అందరూ నవ్వుతూ “నైదర్ డిడ్ ఐ” అని అరిచారు. కడుపు నిండా తినొచ్చిన పిల్లలు... వాళ్లకది పాఠం. నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ ఇంట్లోనే అననివ్వని మాటను క్లాసు మొత్తానికి చెప్పేశాను.

నా పక్కన కూర్చునే సుజాత మాత్రం నవ్వలేదు. వాళ్లది ఊళ్లో పెద్ద సేద్యం. మెల్లగా “నైదర్ డిడ్ ఐ” అంది.

మధ్యాహ్నం ఖాళీ డబ్బా పట్టుకుని ఎప్పటిలాగే బడి గోడ వెనక్కి పోయాను, తిన్నట్టు నటించడానికి. సుజాత వెంటే వచ్చింది. తన డబ్బా మూత తియ్యలేదు.

“తిను మరి,” అన్నాను కోపంగా.

“నేను గూడ తినలేదని చెప్పిన గద. నువ్వు తింటెనే తింట.”

గంట కొట్టే వేళవుతోంది. నా మూలంగా ఆ పిల్ల పస్తుంటుందేమోనని తల వంచుకుని తిన్నాను. ఏం కూరో గుర్తు లేదు... సుజాత ముఖం చూడాలంటే సిగ్గు. అమ్మకైతే ఇప్పటికీ ఈ సంగతి చెప్పలేదు.

ఇప్పుడు సిద్దిపేటలో ఉంటున్నాం. మొన్న చుట్టాలు కూర్చుని ఉండగానే మా అమ్మాయి వంటింట్లోంచి “మమ్మీ, బియ్యం లేవు” అని కేకేసింది. నేను గబుక్కున చుట్టాల ముఖాల వంక చూశాను. దానికేం అనిపించలేదు, ఫోన్ తీసి తెప్పించింది. అదృష్టవంతురాలు.

కానీ... అది ఎప్పుడైనా నిజంగా “లేదు” అనాల్సి వస్తే, తన డబ్బా మూత తియ్యకుండా పక్కన కూర్చునే పిల్ల ఒకతి దొరుకుతుందా అని ఒకటే ఆలోచన. బడిలో మీ పక్కన ఎవరు కూర్చునేవాళ్లు? పేరు గుర్తుంటే రాయండి...