ఎడమకు లేచే వెలుగు

మేకాంగ్ నదికి అటు, థాయ్ ఒడ్డున, బళ్ళు రోడ్డుకు ఎడమవైపు నడుస్తాయి. ఇటు ఒడ్డున, లావోస్‌లోని సవన్నఖేత్‌లో, కుడివైపు. వంతెన దాటాక ఎర్రదీపం దగ్గర బళ్ళు ఆగుతాయి, అడ్డంగా దాటి పక్క మారతాయి. నడిపేవాళ్ళు రెండు నిమిషాల్లో అలవాటు పడతారు. దీపాలు పడవు.

ఎడమ నడకకు చేసిన దీపం ఎడమ అంచున వెలుగును కాస్త పైకెత్తి పోస్తుంది, ఆ పక్కన నడిచే మనిషో పశువో కనబడాలని. అదే బండి ఇటొచ్చి కుడివైపు నడిస్తే, ఆ ఎత్తిన వెలుగు ఎదురొచ్చేవాడి కళ్ళలో పడుతుంది. దాన్ని సరిచేయడమే లత్సమీ పని.

ఆమె తండ్రి ఇన్‌పెంగ్ కూడా ఇదే పని చేశాడు. అప్పటికి వంతెన లేదు. లారీలను బల్లకట్టు మీద దాటించేవారు. నది దాటేలోపు ఆయన సైకిల్ ట్యూబు ముక్కలకు బంక రాసి, దీపపు అద్దం మీద ఆ ఎడమ మూలకు అంటించేవాడు. పక్కన కూర్చుని ముక్కలు కోసిచ్చేది లత్సమీ. పన్నెండేళ్ళకే కత్తెర కన్నా ముందు ఆమె కన్ను కోసేది. వంతెన వచ్చాక బల్లకట్టుకు పనిపోయింది, తండ్రి పోయాడు. ఆమె తనిఖీ గేటుకు నూరడుగుల అవతల రేకుల షెడ్డు వేసుకుంది. పెళ్ళి చేసుకున్నవాడు బ్యాంకాక్‌లో కూలికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. దాని గురించి ఆమె ఎవరితోనూ మాట్లాడదు. ఇప్పుడామెకు యాభై రెండు.

కొత్త లారీలకు ట్యూబు ముక్కలు అక్కర్లేదు. దీపం వెనక వేలెడంత మీట ఉంటుంది. పైకుంటే ఎడమ నడక, కిందికి దించితే కుడి నడక. అది కంటికి కనబడదు, ఇనుప రేకుల సందులోంచి మోచేతి దాకా చెయ్యి దూర్చి తడుముకోవాలి. మీట మారినప్పుడు టక్కుమంటుంది. లావోస్ నుంచి తిరిగి వెళ్ళేటప్పుడు డ్రైవర్లు మళ్ళీ ఆగి పైకి పెట్టించుకుంటారు.

పని అయ్యాక ఒక పరీక్ష ఉంది. దీపానికి బారెడు దూరంలో సున్నం పూసిన పలక నిలబెట్టి, దీపాన్నీ పలకనూ తన తలనూ కలిపి నల్లగుడ్డ కప్పుకుంటుంది. పట్టపగలు కూడా ఆ గుడ్డలో చీకటి. పలక మీద వెలుగు గీత ఎటు లేచిందో అక్కడ తెలుస్తుంది. గుడ్డ కప్పకుండా బండి వదలొద్దని తండ్రి చెప్పిన మాట. చాలావరకు ఆమె తప్పలేదు.

ఆషాఢపు వాన మూడు రోజులుగా పడుతోంది. గుడ్డ తడిసి బరువెక్కి, తీగ మీద నీళ్ళు కారుతోంది. షెడ్డు ముందు ఏడు లారీలు నిలబడ్డాయి. తావిన్ అనే థాయ్ డ్రైవరు సిమెంటు లారీ తెచ్చాడు. ఎప్పుడూ వచ్చేవాడే, లారీ మాత్రం అతనిది కాదు.

"ఇది మా వాడు నడిపేదక్కా. వాడికి జ్వరం, నన్ను తోలమన్నారు," అన్నాడు.

వెనక లారీవాడు కిటికీలోంచి అరిచాడు. "అక్కా, లారీకి కాటుక పెడుతున్నావా, పెళ్ళే చేస్తున్నావా? తొందరగా కానియ్!"

"నీ లారీకి ముసుగేసి పంపిస్తాలే, నీ మొహం చూడక్కర్లేకుండా," అంది లత్సమీ. అందరూ నవ్వారు.

చెయ్యి దూర్చింది. మీట కిందికి దిగలేదు. బురద పట్టి బిగుసుకుందనుకుంది. వానాకాలంలో అది మామూలే. అటూ ఇటూ గట్టిగా ఆడించింది. టక్కుమంది. రెండో దీపం కూడా అలాగే మొరాయించి, అలాగే టక్కుమంది. తడిగుడ్డ వైపు ఒకసారి చూసింది. చప్పుడు విన్నది కదా. "పో," అంది.

మూడో రోజు పొద్దున తావిన్ తిరిగొచ్చాడు. లారీ దిగుతూనే నవ్వాడు.

"ఏం చేశావక్కా నా దీపాలకి? దారి పొడుగునా నన్ను పెళ్ళికొడుకుని చూసినట్టు అందరూ లైట్లు కొట్టారు. ఒకడైతే చెప్పు కూడా చూపించాడు."

లత్సమీ నవ్వలేదు. "ఎక్కడెక్కడ?"

"అన్నిచోట్లా. నాసేంగ్ ఊరు దగ్గర ఎవడో తాగుబోతు కూడా పడ్డట్టున్నాడు. ఎదురుగా బైకు వచ్చింది, నన్ను దాటింది. అద్దంలో చూస్తే దాని వెనక ఎర్రదీపం గిర్రున తిరిగి ఆరిపోయింది. వాన, పొద్దుగూకే వేళ. ఆగలేదు నేను."

నాసేంగ్ కబురు లత్సమీకి ముందే తెలుసు. పక్కన నిప్పుల మీద జిగురన్నం ముద్దలు కాల్చి అమ్మే మనిషిది ఆ ఊరే. విలాయ్ అనే తాపీ పనివాడు బైకు మీద ఇంటికొస్తూ, రోడ్డంచున ఆగివున్న దున్నే యంత్రం ట్రాలీని గుద్దుకుని చచ్చిపోయాడు. ట్రాలీ ఎవరిదో కాదు, అతని మామ ఖాంపన్‌ది. వరినారు వేసుకొస్తుంటే చక్రం కూరుకుపోయింది. చక్రం కింద పెట్టడానికి ఆయన కాలవలో రాయి వెతుక్కుంటున్నాడు. ట్రాలీకి దీపం లేదు. ఆయన కూతురు, విలాయ్ భార్య సీసుడా ఆ రోజు నుంచి తండ్రితో మాట్లాడదట, ముసలాయన పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడంలేదట.

లత్సమీ పలక నిలబెట్టింది. గుడ్డ కప్పుకుంది. దీపం వెయ్యమంది.

గీత ఎడమకు లేచి ఉంది.

గుడ్డలోనే ఉండి ఆమె వెనక్కి లెక్క కట్టుకుంది. జ్వరం వచ్చిన ఆ మొదటి డ్రైవరు కిందటిసారి వెనక్కి వెళ్ళేటప్పుడు మీట పైకి పెట్టించుకోకుండానే పోయుంటాడు. అప్పటికే కిందికున్న మీటను ఆమె బలవంతాన పైకి నెట్టింది. బురద కాదు. సరిగా ఉన్నదాన్ని తన చేత్తో తప్పు చేసింది.

"తుప్పా అక్కా?" అన్నాడు తావిన్.

"కాదు. ఇప్పుడు మీ దేశానికి సరిగ్గానే ఉంది. పో."

అతనికి చెప్పలేదు. చెప్తే ఆ ఎర్రదీపం అతని అద్దంలో జన్మంతా తిరుగుతుంది. ఎవరికీ చెప్పకపోయినా ఎవరూ అడగరు. అది కూడా ఆమెకు తెలుసు. ఆ పగలంతా, మర్నాడూ పనిచేసింది. ప్రతి బండికీ గుడ్డ కప్పింది. అన్నం ముద్దల మనిషి మధ్యాహ్నం అంది, "ముసలాయన ఇంటి కింద యంత్రం పక్కనే పడుకుంటున్నాడట. మెట్లెక్కి రావద్దందట పిల్ల."

సాయంత్రం నాలుగింటికి లత్సమీ షెడ్డు మూసి మోటార్ సైకిలెక్కింది.

ఇల్లు గుంజల మీద ఉంది. కింద చీకట్లో, ట్రాలీ పక్కన, చాప మీద ఖాంపన్ కూర్చుని ఉన్నాడు. మెట్ల మీద తెల్లబట్టల్లో సీసుడా. పాతికేళ్ళుంటాయి. చితి ఆరి రెండు రోజులైంది.

లత్సమీ చెప్పులు విడిచి, ఇద్దరికీ వినబడేలా చెప్పింది. మీట, చప్పుడు, తడిగుడ్డ. మధ్యలో ఏడవలేదు, క్షమించమనలేదు.

ముందు ఖాంపన్ మాట్లాడాడు. "నువ్వెవరివో నాకు తెలీదమ్మా. ట్రాలీ నాది. దీపం కట్టుకోమని అల్లుడు ఎన్నిసార్లో చెప్పాడు. నా పాపం నాకుండనీ."

"నువ్వు నోర్ముయ్ నాన్నా," అంది సీసుడా. నాలుగు రోజుల్లో తండ్రితో ఆమె అన్న మొదటి మాట అదే. లత్సమీ వైపు తిరిగింది. "ఆయన మీద జాలేసి చెప్తున్నావా?"

"కాదు."

"అయితే చూపించు."

"ఏం చూపించను తల్లీ?"

"మా ఆయనేం చూశాడో అది."

ఊరిపెద్ద పికప్ బండి నది అవతల కొన్నదే, దానికీ ఆ మీట ఉంది. అడిగితే ఇచ్చాడు, తనే తోలుకొచ్చాడు. నలుగురైదుగురు పోగయ్యారు. ట్రాలీని ముసలాయనే నెట్టుకొచ్చి, ఆ రోజు ఆగిన చోటే నిలబెట్టి, దాని అంచున కూర్చున్నాడు. లత్సమీ చెయ్యి దూర్చి మీట పైకి నెట్టింది. సన్నగా తుంపర. వెలుతురు పోతోంది.

సీసుడా పికప్‌కు నలభై అడుగుల దూరంలో, రోడ్డు కుడి అంచున నిలబడింది. తండ్రి ఆమెకు పదడుగుల ముందు, అదే అంచున. అతని వెనక, రోడ్డుకు అవతలి పక్క, ఆమెకు ఎదురుగా పికప్.

"వెయ్యండి," అంది.

వెలుగు లేచి ఆమె ముఖమంతా తెల్లగా కమ్మింది. ఆమె కళ్ళు మూసుకోలేదు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అందరూ చూస్తున్నారు.

"నాన్నా?"

"ఇక్కడే ఉన్నానమ్మా."

"ఎక్కడ?"

"నీ ముందే."

ఆమె నాలుగడుగులు ముందుకేసింది. తుంపర చుక్కలు తప్ప ఏమీ లేదు. ఇంకో నాలుగడుగులు. మోకాలు ట్రాలీ ఇనుముకు తగిలింది. అప్పుడు ఆగింది.

"ఇప్పుడు సరిగ్గా పెట్టు," అని వెనక్కి నడిచి మళ్ళీ మొదటి చోట నిలబడింది.

లత్సమీ మీట దించింది. టక్కుమంది. వెలుగు ఆమె ముఖం మీంచి జారి, రోడ్డు మీదికి, అవతలి అంచుకు పోయింది. ట్రాలీ పలకలు, వాడిపోయిన నారు, ముసలాయన వంగిన వీపు కనబడ్డాయి.

"కనబడుతున్నావు నాన్నా," అంది సీసుడా.

ఖాంపన్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఆమె వెళ్ళి అతని పక్కన కూర్చుంది. ముట్టుకోలేదు, కూర్చుంది. కాసేపటికి ఊరిపెద్ద దీపం ఆర్పేశాడు.

"ఆమెను పోలీసులకి అప్పజెప్పమంటావా సీసుడా?" అని అడిగాడాయన.

"వాళ్ళేం చేస్తారు?" అని లత్సమీ వైపు చూసింది. "ఒక్కటి చెప్పు. గుడ్డ కప్పకుండా ఇలా ఎన్ని వదిలావు?"

ఇంత దూరం వస్తూ లత్సమీ అన్ని ప్రశ్నలకూ జవాబు సిద్ధం చేసుకుంది. ఈ ప్రశ్న అనుకోలేదు.

"వాన రోజుల్లో," అంది. తర్వాత, "చాలా."

"అవన్నీ ఎక్కడున్నాయి?"

లత్సమీ వంతెన దారి వైపు చూసింది. సీసుడా ముఖం తిప్పుకుంది. "లే నాన్నా, పైకి రా," అంది.

తిరుగు ప్రయాణంలో వాన కాస్త పెరిగింది. వంతెన వైపు నుంచి బళ్ళు ఒకటొకటే ఎదురొస్తున్నాయి. ఈ వేళకు వచ్చేవాటిలో సగం ఆమె చెయ్యి పడ్డవే. మామూలుగా ఎదుటి దీపాన్ని తప్పించుకుని రోడ్డంచు చూస్తూ నడుపుతారు. ఆమె నేరుగా దీపాల్లోకి చూస్తూ నడిపింది. మొదటిది సరిగ్గా ఉంది. రెండోది, మూడోది. నీళ్ళు కంట్లో పడుతున్నా తుడుచుకోలేదు.

ఎనిమిదో తొమ్మిదో బండి. దుంగల లారీ. దూరం నుంచే వెలుగు లేచి ఆమె ముఖం మీదికొచ్చింది. రోడ్డు పోయింది, తన చేతులు పోయాయి. ఆమె బ్రేకు పట్టి, ఎటున్నానో తెలియకుండానే కాలు నేలకానించి నిలబడింది. లారీ గాలితో పాటు దాటిపోయింది.

చూపు తిరిగి రాగానే బండి వెనక్కి తిప్పింది. హారను మీదనుంచి వేలు తీయకుండా దాని వెంట పడింది. లారీవాడు అద్దంలో చూసి, దారి దోచుకునేవాళ్ళెవరో అనుకున్నట్టున్నాడు, వేగం పెంచాడు.