తట్టొద్దన్నది నేనే

పద్నాలుగేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

తెనాలిలో ఇంగ్లీషు చెబుతాను. అప్పట్లో రేపల్లె నుంచి రోజూ రైల్లో వచ్చే ఒక డిగ్రీ అమ్మాయికి నత్తి. పొడుగు మాట వస్తే చాలు, మొదట్లోనే గొంతు పట్టేసేది. మాటను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ వేలితో ఒకసారి తట్టడం నేనే నేర్పాను. యూ-ని-వర్-సి-టి. అయిదుసార్లు, ఊనిక పడే మూడోది కాస్త గట్టిగా. ఆరు నెలల్లో ఆ పిల్ల ఇంగ్లీషు గలగలా మాట్లాడేసింది. అబ్బ, ఎంత పొంగిపోయానో!

వాళ్ల నాన్న రైసుమిల్లులో గుమాస్తా. ఆ ఏడు బాపట్లలో ఇంగ్లీషు వక్తృత్వ పోటీ పెట్టారు. అక్కడ నలుగురి ముందు మాట్లాడగలిగితే బీఈడీ చదివిస్తానని, లేకపోతే ఇక చదువు చాలని కూతురికి చెప్పాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

స్టేజీ ఎక్కబోయే ముందు, వేళ్లాడిస్తే జడ్జీల ముందు బాగుండదు, చేతులు కట్టుకుని మాట్లాడమన్నాను. తట్టకపోతే మాట రాదని బతిమాలింది. వినలేదు. ఎవరి కోసం? ఆ పిల్ల మంచికేనని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను గానీ, నా శిష్యురాలికి లోపముందని నలుగురూ చూస్తే నాకు నామోషీ, అంతే. మూడో వాక్యంలో 'యూ' దగ్గర ఆగిపోయింది. కట్టుకున్న చేతులు విప్పలేదు. నేను చెప్పానుగా మరి! గంట కొట్టి దింపేశారు.

తిరిగొచ్చేసరికి తెనాలి స్టేషన్లో వాళ్ల నాన్న ఎదురుచూస్తున్నాడు.

"ఏమైందండీ మాస్టారూ?"

"సరిగ్గా ప్రిపేరవలేదండి."

"అంతేనంటారా?"

"అంతేనండి."

అమ్మాయి పక్కనే ఉంది. నా వైపు చూసి "సా... సా..." అంది. వేలు సంచి మీద తడుతూనే ఉంది. ఒక్క నిమిషం ఆగితే మాట వచ్చేసేది. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? అందుకే ఆగలేదు. ఇంట్లో పనుందని చెప్పి వచ్చేశాను.

మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు. వెళ్లి నిజం చెబుదామని ఎన్నిసార్లు రేపల్లె రైలెక్కానో! ప్రతిసారీ వేమూరులో దిగిపోయి వెనక్కి వచ్చాను. ఏం మొహం పెట్టుకుని వెళ్లను? వెళ్లి చెబితే మాత్రం ఆగిన చదువు తిరిగొస్తుందా? నన్ను నేను ఎంత తిట్టుకున్నా కాళ్లు ముందుకు పడవు.

ఆ అమ్మాయి బాగానే ప్రిపేరైంది. ప్రసంగమంతా కంఠతా వచ్చు. తప్పు నాది. వాళ్ల నాన్నకు చెప్పాల్సిన మాట మీకు చెబుతున్నాను. ఇంతకంటే చేతకావడం లేదు. కాస్త ఊపిరాడుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది.