అన్నయ్య పుట్టిన ఊరికి రుజువు

నేను అసూయాపరుణ్ణని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అంతకాలం దానికి వేరే పేర్లు పెట్టుకున్నాను. పరిశీలన అన్నాను, శాస్త్రీయ దృష్టి అన్నాను. రసాయనశాస్త్రం చదివినవాడికి ఇటువంటి పేర్లకు కొదవ ఉండదు.

మా పెదనాన్న పెళ్ళయిన కొత్తలోనే రంగూన్ వెళ్ళి బట్టల దుకాణం పెట్టారు. ఆయనకు ఒక్కడే కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద. ఏడాది నిండకముందే అతన్ని ఓడ ఎక్కించి అక్కడికి తీసుకుపోయారు. పెద్దమ్మ అక్కడే, అతని చిన్నతనంలోనే పోయింది. అన్నయ్యను నేను మొదటిసారి చూసింది యాభైల మొదట్లో, పెదనాన్న పోయాక అస్థికలు కృష్ణలో కలపడానికి అతను జగ్గయ్యపేట వచ్చినప్పుడు. మా ఇంట్లో రెండు నెలలు ఉన్నాడు.

అతను వచ్చిన వారంలోనే నా బి.ఎస్సీ. ఫలితాలు వచ్చాయి. మొదటి తరగతి. నాన్న పేపరులో నా నంబరు చూసి "మంచిది" అన్నారు. పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని అన్నయ్య వైపు తిరిగారు. "ఓడలో ఎన్నాళ్ళు పట్టిందన్నావురా?" అని అడిగారు. అన్నయ్య ఓడ గురించి చెప్పాడు, తుఫాను గురించి చెప్పాడు, చివరికి రంగూన్‌లోని బంగారు పగోడా దగ్గరికి వచ్చాడు.

"దాని వెలుగుకి రాత్రిపూట కూడా పేపరు చదువుకోవచ్చు బాబాయీ."

"బంగారం వెలుగును తిప్పి పంపుతుంది గాని పుట్టించదు" అన్నాను నేను. "దీపాలు పెట్టి ఉంటారు."

నాన్న నా వైపు చూశారు. "నువ్వు చూశావా?"

"చూడనక్కర్లేదు."

"చూసినవాడు చెబుతున్నాడుగా!"

అన్నయ్య పకపకా నవ్వి, "తమ్ముడు చెప్పిందే నిజం బాబాయీ, దీపాలు పెడతారు" అన్నాడు. నిజం నాదే అయింది, మార్కులు మాత్రం అతనికి పడ్డాయి. నాన్న ఆ రోజంతా అతని నవ్వునే తలుచుకుని మురిసిపోయారు. ఒక్క విషయం మాత్రం నాకు అర్థం కాలేదు. నేను పుట్టినప్పటినుంచి ఆయనతో ఒక్క అబద్ధమైనా ఆడలేదు. అయినా ఆయన ఒక్కనాడూ నా మాటకు మురిసిపోలేదు.

అన్నయ్య రంగూన్ తిరిగి వెళ్ళాడు. కొన్నాళ్ళకు, దుకాణం నిలవాలంటే తప్పదని, అక్కడి పౌరసత్వం తీసుకున్నట్టు ఉత్తరం రాశాడు. అరవైల నడిమికి వచ్చేసరికి అక్కడి సర్కారు దుకాణాలన్నీ స్వాధీనం చేసుకుంది. పోయేవాళ్ళ దగ్గర గుర్తింపు కార్డు లాక్కుని, తిరిగి రావడానికి వీల్లేని ఒక ప్రయాణపు కాగితం చేతిలో పెట్టి ఓడ ఎక్కించింది. అన్నయ్య రెండు పెట్టెలతో మద్రాసులో దిగాడు. భార్యనూ కూతురినీ శ్రీకాకుళం వైపు ఉన్న ఆమె పుట్టింటివారి దగ్గర దింపి, ఒంటరిగా పేట వచ్చాడు.

అప్పటికి నేను నందిగామ హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. ఆదివారాలు బస్సెక్కి పేట వెళ్ళేవాణ్ణి. అన్నయ్య వచ్చిన మొదటి ఆదివారం నేను వెళ్ళేసరికి అరుగు మీద పోలీసు హెడ్డు కూర్చుని ఉన్నాడు, నాన్న ఆయన మీద మండిపడుతున్నారు.

"మా అన్న కొడుకు విదేశీయుడేమిటయ్యా? నీకు తెలుగు వచ్చినట్టే వాడికీ వచ్చుగా!"

"కోప్పడకండి. తెలుగు సంగతి కాదండీ, కాగితం సంగతి. కాగితంలో ఈయన బర్మా పౌరుడు. మూడు నెలల పర్మిట్టు ఇచ్చారు. పేట దాటి ఎక్కడైనా ఉండాలంటే స్టేషన్లో చెప్పి వెళ్ళాలి."

"చుట్టాలింట్లో పెళ్ళికెళ్ళాలన్నా నీకు చెప్పాలా?"

"చెబితే నేనూ వస్తానండీ, భోజనానికి" అన్నాడు హెడ్డు. అన్నయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు. హెడ్డు అతన్ని ఆ క్షణమే ఇష్టపడ్డాడని నాకు కనబడింది. నేను నందిగామలో ఏళ్ళ తరబడి పని చేస్తున్నాను. నన్ను అలా ఇష్టపడిన పోలీసుగాని, కరణంగాని, హెడ్మాస్టరుగాని లేడు.

విషయం తేలికైనదే. పర్మిట్టు పొడిగించాలంటే, ఆ తరువాత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవాలంటే, తాను ఈ దేశంలో పుట్టినట్టు అన్నయ్య రుజువు చూపాలి. చూపలేకపోతే గడువు తీరిన రోజున దేశం వదిలి పొమ్మంటారు. ఏ దేశానికి పోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు, వచ్చిన దేశం తిరిగి రానివ్వదు గనుక. వదినకూ కూతురికీ కూడా అతని కాగితమే ఆధారం. మద్రాసులో దిగిన రోజున అడిగితే, పుట్టిన ఊరు జగ్గయ్యపేట అని అతను రాయించాడు. తండ్రి అతనికి చెప్పిన ఊరు అదే.

"నందిగామలో నువ్వున్నావుగా" అన్నారు నాన్న నాతో. "తాలూకా కచేరీలో జననాల రిజిస్టర్లు ఉంటాయట. తీయించు."

తరువాత ప్రతి ఆదివారం నేను పేట వెళ్ళి చూసిన దృశ్యం ఒకటే. అన్నయ్య అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదువుతున్నాడు, నాన్న కళ్ళు మూసుకుని వింటున్నారు. కాలేజీ రోజుల్లో ఆ పని నాది. నేను చదువుతూ మధ్యలో ఆగి, "ఈ లెక్క తప్పు, దీనికి ఆధారం చెప్పలేదు" అనేవాణ్ణి. ఒకరోజు నాన్న పేపరు నా చేతిలోంచి తీసుకుని, "నేనే చదువుకుంటాలే" అన్నారు. అన్నయ్య ఎక్కడా ఆగడు. పొట్టేలుకు రెండు తలలు పుట్టాయన్నా అదే గొంతుతో చదువుతాడు. నాన్న "ఆహా" అంటారు.

మొదటిసారి అర్జీ మాత్రం తీసుకుని పంపేసిన తాలూకా కచేరీ గుమాస్తా నన్ను మళ్ళీ రమ్మన్నది గడువుకు సరిగ్గా ఇరవై రోజుల ముందు. స్కూలు మధ్యాహ్నపు విరామంలో వెళ్ళాను. జగ్గయ్యపేట రిజిస్టరు బల్ల మీద తెరిచి ఉంది. కావలసిన సంవత్సరం, దాని ముందుదీ, వెనుకదీ, మూడూ చూశాం. పెదనాన్న పేరు ఎక్కడా లేదు.

"లేదు మాస్టారూ" అన్నాడు గుమాస్తా. "ఆ రోజుల్లో చాలామంది రాయించేవాళ్ళు కాదు."

అప్పుడు నా చూపు బీరువా రెండో అర మీద పడింది. ఎర్రగుడ్డతో కట్టిన కట్టలు, ఒక్కోదానికి ఊరి పేరు రాసిన చీటీ. కంచికచర్ల, దాని పక్కన చెవిటికల్లు. పెద్దమ్మ పుట్టిల్లు చెవిటికల్లు.

నాకు మొత్తం ఒక్కసారిగా తెలిసిపోయింది. మా వైపు తొలికాన్పు ఎప్పుడూ పుట్టింట్లోనే. పెద్దమ్మ రంగూన్ నుంచి పురిటికి వచ్చింది చెవిటికల్లుకు గాని పేటకు కాదు. బిడ్డను మూడో నెల నిండాక అత్తవారింటికి తెచ్చి ఉంటారు. అయినా మగపిల్లవాడి ఊరేదని అడిగితే తండ్రి ఊరే చెబుతారు. పుట్టిన ఊరేమిటని విడిగా ఎవరూ అడగరు, అడిగినా అదే చెబుతారు. పెద్దమ్మ వైపువాళ్ళు ఎప్పుడో ఊరు వదిలిపోయారు. మా అమ్మ కాపురానికి వచ్చింది ఆ మరుసటి ఏడు. చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

"ఇంకేమైనా చూడాలా మాస్టారూ?" అన్నాడు గుమాస్తా.

నేను ఆ కట్టవైపే చూస్తున్నాను. "అక్కర్లేదు" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పుడు కొలిచి చెప్పగలను. అన్నయ్య చెడిపోవాలని కాదు. ఆ జవాబు నా చేతిలో ఉన్నన్నాళ్ళూ, అరుగు మీద పేపరు చదివే మనిషి కంటే నేను ఒక మెట్టు పైన ఉన్నాను. ఆ మెట్టు దిగబుద్ధి కాలేదు. రేపు చెబుదామనుకున్నాను. ఖాయంగా తెలియకుండా చెప్పడం శాస్త్రీయం కాదని నాకు నేనే చెప్పుకున్నాను. కట్ట విప్పిస్తే ఖాయంగా తెలిసిపోతుందన్న ఆలోచనను మాత్రం దగ్గరికి రానివ్వలేదు. ఆ ఆదివారం పేట వెళ్ళి "దొరకలేదు" అన్నాను. అన్నయ్య మొహం వాడిపోయింది. నాన్న లేచి అతని భుజం మీద చెయ్యి వేశారు. నా భుజం మీద ఆయన చెయ్యి ఎప్పుడు వేశారో గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించాను, దొరకలేదు.

తరువాతి బుధవారం నాన్న నందిగామ వచ్చారు. అన్నేళ్ళ నా ఉద్యోగంలో ఆయన నా గది గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. వెంట అన్నయ్య ఉన్నాడు. నాన్న చేతిలో దస్తావేజుల రైటరు చేత రాయించిన ప్రమాణపత్రం ఉంది.

"మేజిస్ట్రేటు ముందు సంతకం చేయాలి. నువ్వు అన్నీ సరిచూసేవాడివి, ఒక్కసారి చూడరా."

చదివాను. "పై బిడ్డ జగ్గయ్యపేటలోని మా స్వగృహంలో జన్మించుట నేను కళ్ళారా చూచియున్నాను" అని ఉంది.

"నాన్నా, మీరు చూశారా?"

"చూడకపోవడమేమిట్రా? మన ఇంటి నడవలో దూలానికి ఉయ్యాల కట్టింది నేనే. అప్పటికి నాకు పదహారేళ్ళు. తాడు బిగించింది నేను, వీణ్ణి అందులో వేసిందీ నేనే."

"ఉయ్యాల సరే. పురుడు చూశారా?"

నాన్న కాగితం మళ్ళీ తన చేతిలోకి తీసుకున్నారు. "ఉయ్యాల వేశామంటే పుట్టినట్టే గదరా!"

"ఉయ్యాలలో వేసిననాటికి మెడ నిలిపాడా?"

"నిలపకేం! తల తిప్పి నన్నే చూశాడు."

"మూడు నెలలు నిండితేగాని నిలపరు. తొలికాన్పు పెద్దమ్మ పుట్టింట్లో జరిగింది. చెవిటికల్లులో."

నాన్న కాగితం నెమ్మదిగా మడిచారు. ఆయన అబద్ధమాడబోలేదు, ఉయ్యాలనే పుట్టుకగా ముప్ఫై అయిదేళ్ళు దాచుకున్నారు. ఆ ప్రమాణం చేసి ఉంటే పోలీసువారు రిజిస్టరుతో సరిపోల్చేవారు. ఆయన తప్పుడు సాక్షి అయ్యేవారు, అన్నయ్య కేసు అక్కడితో ముగిసేది.

"ఈ సంగతి నీకు ఎప్పుడు తట్టింది?" అన్నాడు అన్నయ్య.

"ఇప్పుడే" అన్నాను. నాన్న ఎదుట నేనాడిన మొదటి అబద్ధం అదే.

నాన్న నా వైపు చూసి, "నువ్వు లేకపోతే ఏమయ్యేదిరా" అన్నారు. నా జీవితమంతా నేను ఎదురుచూసిన మాట. తీరా వస్తే, దాన్ని తీసుకునే చోటు నాలో లేదు.

నాన్నను గదిలో కూర్చోబెట్టి అన్నయ్యా నేనూ కచేరీకి నడిచాం. గుమాస్తా చెవిటికల్లు కట్ట విప్పాడు. ఏడో పుటలో ఉంది. మగ శిశువు, పేరు గడి ఖాళీ, తండ్రి పేరు మా పెదనాన్నది, తండ్రి నివాసం రంగూన్. అన్నయ్య ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచాడు.

గుమాస్తా దుమ్ము దులుపుకుంటూ, "ఆ రోజు మీరు ఈ కట్టకేసే చూశారు మాస్టారూ! అప్పుడే తీయమంటే ఈపాటికి నకలు బందరు జిల్లా కచేరీకి చేరి ఉండేది" అన్నాడు.

అన్నయ్య విన్నాడు. నా వైపు తిరగలేదు. నకలుకు అర్జీ రాసిచ్చి, బయటికొచ్చి, బస్టాండు దాకా నడిచాక అడిగాడు.

"ఎన్ని రోజులురా?"

"అయిదు."

"అయిదేనా? నేనైతే ఇంకా దాచేవాణ్ణి." నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "రంగూన్‌లో మా నాన్న నీ ఉత్తరాలు చదివి నన్ను తిట్టేవాడు. వాడు చదువుతున్నాడు, నువ్వు గజాలు కొలుస్తున్నావు అని. నిన్ను చూడకుండానే పదేళ్ళు నీ మీద ఏడ్చాను. నీకు ఊరుంది, ఇల్లుంది. ఎక్కడ పుట్టావో రుజువు చూపమని నిన్నెవరూ అడగరు. పైగా బాబాయి ఉన్నాడు."

"ఆయన నిన్నేగా..."

"నేను చుట్టాన్నిరా. చుట్టాన్ని చూసి నవ్వుతారు. నీ ఉద్యోగపు సర్వీసు రిజిస్టరులో పుట్టిన ఊరు ఏమని రాశావు?"

"జగ్గయ్యపేట."

"పిన్ని పుట్టిల్లెక్కడ?"

"కంచికచర్ల" అన్నాను. నేనూ తొలికాన్పు బిడ్డనే.

అన్నయ్య అప్పుడు నవ్వాడు. నేను ఆ గడి నింపిన రోజున డిగ్రీ పట్టా పక్కనే పెట్టుకుని, ప్రతి అక్షరం రెండుసార్లు సరిచూశాను.

నకలు పట్టుకుని ఇద్దరం బందరు వెళ్ళాం. హెడ్డు దగ్గర చెప్పి, అనుమతి తీసుకునే. గడువుకు నాలుగు రోజుల ముందు ఆరు నెలలు పొడిగించారు. అన్నయ్యను స్వయంగా ఎరుగుదునని, అతని నడవడికి పూచీ ఉంటానని ప్రభుత్వ ఉద్యోగి ఒకరు సంతకం చేయాలన్నారు. నేను చేశాను. నేను రుజువు అడక్కుండా సంతకం పెట్టిన కాగితం అదొక్కటే. వదినా కూతురూ ఆ నెలాఖరులో పేట వచ్చారు.

ఆ అయిదు రోజుల సంగతి అన్నయ్య నాన్నకు చెప్పలేదు. అప్పుడూ చెప్పలేదు, ఆ తరువాతా చెప్పలేదు. నేనతని స్థానంలో ఉంటే మొదటి ఆదివారమే చెప్పేవాణ్ణి, తారీఖులతో సహా. అరుగు మీద అతను పేపరు చదువుతుంటే పక్కన కూర్చుని వినేవాణ్ణి, తప్పులు దొర్లినా దిద్దకుండా. నాన్నకు ఇష్టమైన ఆ గొంతు మీద, ఆ నోటిలో దాగిన నా రహస్యం మీద, దాన్ని దాచగలిగిన అతని మంచితనం మీద నాకు అసూయగానే ఉండేది.