పెద్ద క్లాసు పోగొట్టుకున్న మెట్ల టీచరు

మెట్ల టీచరుకి మతి చెడిందనీ, అందుకే ట్యూషన్ మానేసిందనీ చెప్పుకుంటున్నారు. నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుంది. ఆవిడ బుర్ర ఇప్పటికీ పాదరసమే. జరిగింది వేరు.

లెక్కలో ఒక్కో వరుసనీ మెట్టు అంటుంది కాబట్టి ఆవిడకా పేరు. ఎక్స్‌ని ఇటునుంచి అటు పంపితే చాలు, ఎందుకు పంపావు, గుర్తు మార్చావా అని నిలదీసేది. మెట్టు మింగితే మూతిపళ్ళు రాలతాయనేది. అన్నిటికన్నా ఒకదానికి మరీ పట్టుబట్టేది. రెండువైపులా దేనితో భాగించినా సరే, ముందు అది సున్నా అయితే ఏమవుతుందో పక్కన రాసి తీరాలి. రాయకపోతే అసలైన జవాబొకటి చడీచప్పుడు లేకుండా జారిపోతుందని భయపెట్టేది. మరిచినవాళ్ళని బెంచీ ఎక్కించేది.

భర్త పోయాక ట్యూషన్ మరిది చేతికొచ్చింది. మేడమీద గదిలో ఆల్జీబ్రా నుంచి డిఫరెన్షియల్ ఈక్వేషన్ల దాకా చెప్పేది మాత్రం ఆవిడే. చిన్న క్లాసులు ఒక్కొక్కటే లాక్కున్నా కిక్కురుమనలేదు. పెద్ద క్లాసొక్కటే ఆవిడ ప్రాణం. ఆ గంట కోసం పొద్దుటినుంచీ చీర మడత నలక్కుండా కూర్చునేది. సరిగ్గా దానిమీదే తోడికోడలి కన్ను పడింది, తన తమ్ముడి కోసం. ఆ తమ్ముడు జవాబు ముందు పట్టుకుని లెక్కని తోకపట్టి లాగే రకం. పిల్లలకి అది తెగ నచ్చింది.

మరిది నవ్వుతూనే గొయ్యి తవ్వాడు. ఒక సాయంత్రం పెద్ద క్లాసందరినీ కూర్చోబెట్టి, బోర్డు మధ్య గీత గీసి, ఇద్దరికీ ఒకే లెక్క ఇచ్చాడు. డీవై బై డీఎక్స్ ఈక్వల్స్ వై స్క్వేర్. ఎవరు బాగా చేస్తే క్లాసు వాళ్ళదన్నాడు. తమ్ముడు గబగబా ఒక్క వరుస గిలికి చేతులు దులుపుకున్నాడు. ఈవిడింకా రెండో మెట్టు మీదుంది.

"కాస్త కానివ్వండి వదినా, పిల్లలు ముసలాళ్ళైపోతున్నారు," అన్నాడు మరిది.

గదంతా గొల్లుమంది. ఆవిడ తొందరపడింది. వై స్క్వేర్‌తో రెండువైపులా భాగించేసి, పక్కన ఏమీ రాయకుండా ముందుకెళ్ళిపోయింది. ఇంటిగ్రేషన్ చేసింది, సి కలిపింది, జవాబు చుట్టూ గీత కూడా గీసింది.

ముందు బెంచీలో మరిది కూతురుంది. ఆ పిల్లని పెంచిందీ, లెక్కలు నేర్పిందీ ఈవిడే. మెచ్చుకుంటుందని చెయ్యెత్తింది పాపం.

"పెద్దమ్మా, వై సున్నా అయితే?"

తమ్ముడి సగంలోనూ ఆ సున్నా లేదు. కానీ అతన్ని అడిగే దిక్కు లేదు. తండ్రి మొహం చూసేసరికి పిల్లకి సంగతి అర్థమైంది. "మమ్మల్ని పరీక్షించడానికే వదిలేశావు కదా పెద్దమ్మా," అంది.

ఔనంటే గండం గడిచిపోయేది.

"కాదు తల్లీ. మరిచాను. నువ్వన్నదే సరి."

మరిది ఆవిడ వేళ్ళ మధ్యనుంచి సుద్దముక్క లాక్కున్నాడు. "విన్నారుగా. ఇక విశ్రాంతి తీసుకోండి వదినా."

మర్నాడే క్లాసు తమ్ముడిదైంది. కనీసం చిన్నపిల్లలనైనా ఇమ్మని అడిగితే, "వద్దులే అక్కా, వాళ్ళకీ తప్పులే వస్తాయి," అంది తోడికోడలు. విరిగిన బెంచీలు పడేసే వెనకగదిలో ఆవిడకి మంచం వేశారు. క్లాసు వదలగానే పిల్లలు ఆ కిటికీ దగ్గర చేరి "వై సున్నా అయితే" అని కోరస్ అందుకుంటారు. కొత్త మాస్టారు వింటాడు, నవ్వుకుంటాడు, పోతాడు. మరిది కూతురికి అటు వెళ్ళే వీల్లేదు. ఆ పిల్ల ఇప్పుడు క్లాసులో నోరే విప్పడం లేదు.

మతి చెడిందనే బదులు మీలో ఎవరైనా ఓసారి వెళ్ళి చూసి రండి. పక్కసందులోంచి తలుపుంది. తిన్నదో లేదో కనుక్కోండి. తట్టాక కొంచెం ఆగండి, వెంటనే తియ్యదు. ఆ పిల్లలే మళ్ళీ వచ్చారనుకుంటుంది.