పక్క సీటు కొలత

నా కొలత టేపు నా షాపులో ఉండే రోజులు తక్కువ. నేను కార్లకు సీటు కవర్లు కుడతాను. టేపు లేకుండా కుట్టుపని ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అయినా పొద్దున షట్టరు ఎత్తీ ఎత్తకముందే పక్క షాపు నుంచి ఒక చెయ్యి గుమ్మంలోకి వస్తుంది. "అక్కా, టేపు" అంటుంది. మనిషి పూర్తిగా రాడు, చెయ్యి మాత్రమే వస్తుంది. పదిహేనేళ్ళుగా ఇదే వరస. సొంతంగా ఒకటి కొనుక్కోవయ్యా అని తిట్టి తిట్టి నా నోరే అరిగిపోయింది. చివరికి నేనే కొనిచ్చాను. దాన్ని మేకుకు తగిలించి మళ్ళీ నాదే అడిగాడు. నాది వాడి వాడి మెత్తబడిందట, చెవి దగ్గర పెడితే గుచ్చుకోదట.

ఆయన చేసేది కార్లలో స్టీరియోలు, స్పీకర్లు బిగించే పని. బిగించడం అంటే మాత్రం ఒప్పుకోడు, సరిచెయ్యడం అంటాడు. వీధిలో అందరూ చెవుల డాక్టరు అని పిలుస్తారు. మొదట ఎగతాళికి పెట్టిన పేరే, తర్వాత అసలు పేరు అందరూ మర్చిపోయారు. ఆయన కూడా మర్చిపోయాడేమోనని నా అనుమానం.

కారు రాగానే పాట పెట్టించడు. ఇంజను ఆపించి, తలుపులన్నీ వేసి, డోర్ల మీద పిడికిలితో మెల్లగా తట్టి వింటాడు. ఒకసారి ఒక పెద్దమనిషి కొత్త స్పీకర్లు వేయించుకున్న వారానికే తిరిగొచ్చి, గలగలమంటున్నాయి, నాసిరకం అంటగట్టావని వీధి మొత్తం వినబడేలా గొడవకు దిగాడు. డాక్టరు డోరు జేబులో చెయ్యి పెట్టి రెండు తాళంచెవులు, ఒక దువ్వెన, గుప్పెడు చిల్లర తీసి ఆయన దోసిట్లో పోశాడు. పాట పెట్టాడు. గలగల లేదు. ఆ పెద్దమనిషి ముఖం చూడాలి! నేను రెగ్జిన్ చుట్ట వెనక్కి వెళ్ళి నవ్వుకున్నాను.

స్పీకర్లు మార్చమని వచ్చినవాళ్ళలో సగం మందిని మార్చకుండానే పంపేస్తాడు. డోరు రేకు లోపల నల్లటి షీట్లు అతికించి వణుకు ఆపుతాడు. ఇంజనుతో పాటు కీచుమని మోత వస్తుంటే, కరెంటు తీగ ఒక పక్క నుంచి, పాట తీగ ఇంకో పక్క నుంచి లాగుతాడు. రెండూ కలిసి నడిస్తే ఒకదాని రోగం ఇంకోదానికి అంటుకుంటుందట.

ఇవన్నీ అయ్యాక నా టేపు పని మొదలవుతుంది. కారు ఎవరిదో వాళ్ళను డ్రైవరు సీటులో కూర్చోబెట్టి, ఒక్కో స్పీకరు నుంచి చెవి దాకా కొలుస్తాడు. కుడి డోరులోది మోకాలి పక్కనే ఉంటుంది, ఎడమ డోరులోది దూరం. దగ్గరదాని మాట ముందు చేరుతుంది, దూరందాని మాట వెనక చేరుతుంది. అందుకని దగ్గరదాన్ని వెంట్రుకవాసి ఆలస్యంగా పలికేలా స్టీరియోలో పెడతాడు. అప్పుడు అన్నీ ఒక్కసారే చెవికి వచ్చి, పాడే మనిషి ముందు అద్దం దగ్గర నిలబడి పాడుతున్నట్టు ఉంటుంది. కాకపోతే అది ఒక్క సీటుకే కుదురుతుంది. డ్రైవరుకు కుదిరిందంటే పక్క సీటుకు మరీ చెడిపోతుంది. మరి పక్కన కూర్చునేవాళ్ళ గతేమిటని ఒకసారి అడిగాను. కారు ఎవరిదో సీటు వాళ్ళదే అక్కా, పద్ధతి అదే అన్నాడు.

ఆయన సొంత కారులో ఆ పక్క సీటులో పన్నెండేళ్ళు ఆయన భార్య కూర్చుంది. పాట అంతా తన డోరులోనే మోగుతోందని, ఎవరో అందులో దూరి గొణుగుతున్నట్టుందని ఆమె చాలాసార్లు చెప్పిందట. ఆయన ఆమెకూ పద్ధతే చెప్పాడు. పిల్ల వెనక సీటులో కూర్చునేది. సీటు వెనకే పెద్ద బాస్ డబ్బా, పాట పెడితే పిల్ల వీపులో దబదబమనేది. ఒరగకు, నిటారుగా కూర్చో అని దానికి చెప్పేవాడు.

పిల్లకు పద్నాలుగేళ్ళప్పుడు ఆమె పిల్లను తీసుకుని తన ఊరు వెళ్ళిపోయింది. పోట్లాట కూడా జరగలేదు. పోట్లాటకైనా రెండు గొంతులుండాలి కదా, ఆ ఇంట్లో ఒక్క గొంతే ఉండేది. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి ఒక పెద్ద సంచికి జిప్పు వేయించుకుంది. నేను ఆపబోతే ఒక్కమాటే అంది.

"వెంట్రుకవాసి తేడా వినిపిస్తుంది వదినా ఆయనకి. మనిషి మాటే వినిపించదు."

జిప్పు గట్టిగా వేసిచ్చాను.

అప్పటినుంచి ఆయన షాపు పైనున్న గదిలో ఒక్కడే ఉంటున్నాడు. ఒకసారి జ్వరం వస్తే గంజి పట్టుకుని పైకి వెళ్ళాను. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక పొయ్యి. ఇన్ని వందల కార్లకు పాట సరిచేసిన మనిషి గదిలో చిన్న రేడియో కూడా లేదు. మధ్యాహ్నం అన్నం కూడా కిందికి వచ్చి కారులో కూర్చుని తింటాడు. మా ఆయన పోయాక నేనూ ఒంటరిదాన్నే, కానీ నా ఇంట్లో గిన్నెలైనా చప్పుడు చేస్తాయి. ఆ గదిలో అదీ లేదు.

పోయిన సంవత్సరం ఒక పొద్దున చెయ్యి రాలేదు. మనిషి మొత్తం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చివరిసారి మాట్లాడిన రెండేళ్ళకు కూతురు ఫోన్ చేసిందట. ఊరి అవతల ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందట. బస్సు దిగిన చోటు నుంచి అక్కడికి కారులో గంట ప్రయాణం. తీసుకెళ్ళడానికి మీకు వీలవుతుందా అని అడిగిందట. చిన్నప్పుడు నువ్వు అనే పిల్ల ఇప్పుడు మీరు అంటోందని చెప్పాడు.

తర్వాత అన్నాడు: "గంట అక్కా. ఆ గంట బాగుంటే మళ్ళీ వస్తుంది."

ఆ వారం వచ్చిన కార్లన్నిటికీ తర్వాత రమ్మని చెప్పేశాడు. తన కారు డోర్లు విప్పాడు, పాత షీట్లు పీకి కొత్తవి అతికించాడు, డాష్‌బోర్డు కింద వదులైన ప్రతి స్క్రూ బిగించాడు. బతుకంతా డ్రైవరు సీటు పద్ధతి చెప్పిన మనిషి, కారు మొత్తం పక్క సీటుకు సరిచెయ్యడానికి కూర్చున్నాడు. మూడో రోజు వచ్చి నా బల్ల దగ్గర నిలబడి తల గోక్కున్నాడు.

"ఇరవై రెండేళ్ళ పిల్ల ఎంత పొడుగుంటుంది అక్కా?"

నాకు ఒళ్ళు మండింది. కన్నది నువ్వా నేనా అని కడిగేద్దామని నోటిదాకా వచ్చింది. ముఖం చూసి మింగేశాను. చెవి ఎంత ఎత్తులో ఉంటుందో తెలియకపోతే కొలత కుదరదు, ఆ కొలత ఆయన దగ్గర లేదు. వాళ్ళమ్మకు ఫోన్ చేసి అడగమన్నాను. అడగలేడు. చివరికి వాళ్ళమ్మంత ఉంటుందిలే అనుకున్నాం. వాళ్ళమ్మ నాకంటే రెండు వేళ్ళు పొడుగు. నా షాపులోంచే ఒక ఫోమ్ ముక్క తెచ్చి పక్క సీటులో వేసి, దాని మీద నన్ను కూర్చోబెట్టాడు.

అలా నేను మూడు రోజులు ఆయన కూతురినయ్యాను. ఆయన కొలుస్తాడు, నొక్కుతాడు, పాట పెడతాడు, ఎటు వినిపిస్తోంది అంటాడు. ఎడమకు అంటే మళ్ళీ కొలుస్తాడు. నా పని అటకెక్కిందని గొణిగాను, మెడ పట్టేసిందని తిట్టాను. ఆయన వింటేనా! ఎప్పుడూ ఒకే పాట, ఒక ఆడగొంతు, పక్కన ఒకే ఒక్క వేణువు. మూడో రోజు మధ్యాహ్నం ఇంకోసారి పెట్టాడు. ఆ గొంతు డోరులోంచి లేచి వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఎంత దగ్గరగా అంటే, చెయ్యి చాపితే తగులుతుందేమో అనిపించింది. పాడేముందు ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది.

నాకు ఏడుపొచ్చేసింది. ఇరవయ్యేళ్ళుగా ఈ సీట్లు కుడుతున్నాను, పక్కన కూర్చునేవాళ్ళ కోసం ఎవరూ ఇంత చెయ్యగా నేను చూడలేదు. ఆయన వైపు ఎలా ఉందని అడిగాను. నా మోకాలి దగ్గర ఎవరో గొణుగుతున్నారు అని చెప్పి నవ్వాడు. ఆయన అలా నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

అప్పుడే నేను ఇంకో నాలుగు మాటలు చెప్పి ఉండాల్సింది. దారిలో ఏం మాట్లాడతావో అనుకున్నావా అని మాత్రం అడిగాను. పాట వింటే తెలుస్తుంది కదా అక్కా అన్నాడు. ఆయన ఆనందం చూసి నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు అలవాటు లేని పని, అందుకే తప్పు చోట చేశాను.

ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. పన్నెండు కాకముందే తిరిగొచ్చి షాపు ముందు కారు ఆపి, దిగకుండా కూర్చున్నాడు. నేనే కత్తెర పడేసి వెళ్ళాను. ముందు డోరు తీసి ఆ ఫోమ్ ముక్క ఉన్న చోట కూర్చోబోతే, ఫోమ్ లేదు. పొద్దున వెళ్ళేముందే దాన్ని తీసేసి, సీటు తుడిచి, ఉతికిన తువ్వాలు పరిచాడు. తువ్వాలు కొంచెం కూడా నలగలేదు.

పిల్ల బస్సు దిగి వచ్చి, నవ్వి, ఏ ఆలోచనా లేకుండా వెనక డోరు తీసి కూర్చుందట. చిన్నప్పటి నుంచి ఆ కారులో దాని చోటు అదే. కాగితాలు చూసుకోవాలి నాన్నా అని పక్కన పరుచుకుందట. తప్పు పిల్లదని ఎవరంటారు? ఈయన స్టీరింగు పట్టుకుని కూర్చుండిపోయాడు. పాట పెట్టాడు. ముందు ఖాళీ సీటు దగ్గర ఆ గొంతు నిలబడి పాడింది. వెనక మాత్రం ఎప్పటిలాగే దబదబ.

సగం దారిలో పిల్ల కాగితాల్లోంచి తలెత్తిందట.

"మీ కారులో సౌండ్ ఏం మారలేదు నాన్నా. చిన్నప్పటిలాగే ఉంది."

ముద్దుగానే అంది అక్కా అని ఆయనే చెప్పాడు. ఈయన కూడా అవునమ్మా అని నవ్వాడట. మిగతా దారంతా అంతే. తిరుగు ప్రయాణానికి ఇంటర్వ్యూకు వచ్చిన స్నేహితురాలి బండి దొరికిందని, మీకెందుకు శ్రమ అని దించిన చోటే చెప్పేసింది.

నేను ఊరుకోలేకపోయాను. ముందుకు వచ్చి కూర్చో తల్లీ అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా అని గట్టిగానే అరిచాను. ఎదురు షాపువాళ్ళు తొంగిచూశారు. ఆయన తువ్వాలు మడత పెడుతూ అన్నాడు:

"అడిగితే వచ్చేదేమో అక్కా. రాకపోతే?"

నా కోపం అక్కడే చల్లారిపోయింది.

పిల్లకు ఉద్యోగం వచ్చింది. కానీ వాళ్ళమ్మ ఉన్న ఊళ్ళోనే ఆ కంపెనీకి ఇంకో ఆఫీసు ఉంది, అక్కడే వేశారు. ఫోన్‌లో ఒక ముక్క రాసి పంపింది. ఆయన దాన్ని నాకు చూపించాడు, మంచిదే కదా అన్నాడు. పిల్ల మళ్ళీ రాలేదు.

మొన్న రెగ్జిన్ తేవడానికి గోదాముకు వెళ్ళాల్సి వస్తే, దించుతానని ఆయనే ఎక్కించుకున్నాడు. ముందు సీటులో కూర్చున్నాను. దారిలో పాట పెట్టాడు. ఆ గొంతు వచ్చి సరిగ్గా నా ఎదురుగా నిలబడింది. ఏడాది దాటింది, కొలత ఇసుమంతైనా మార్చలేదు. అంటే ఇన్నాళ్ళూ రోజూ తన మోకాలి దగ్గర గొణుగుడు వింటూ, మంచి పాటంతా ఖాళీ సీటుకు వదిలేసి ఈ మనిషి తిరుగుతున్నాడు. ఇంకొకరి కారులో అలా ఉంటే నిమిషం ఓర్చుకోలేని చెవి అది.

"మళ్ళీ నీ సీటుకు పెట్టుకోవయ్యా" అన్నాను.

"ఉండనీ అక్కా. ఎప్పుడైనా ముందు కూర్చుంటే, అప్పటికప్పుడు మార్చడం కుదరదు కదా."

గోదాము దగ్గర దిగి, డోరు మెల్లగా వేశాను. కారు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. వెనక అద్దంలోంచి ఆ ఖాళీ సీటు కనిపిస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తాను. చెయ్యి వచ్చింది. టేపు ఇచ్చాను, తిట్టలేదు.