గాలి తొట్టి ముత్యాలయ్య

పాళెంలో ముత్యాలయ్యలు ముగ్గురు. బస్సు దిగి ముత్యాలయ్య ఇల్లెక్కడని అడిగితే, వల ముత్యాలయ్యా, గుడి ముత్యాలయ్యా, గాలి తొట్టి ముత్యాలయ్యా అని ఎదురు ప్రశ్న వేస్తారు. మూడో ఆయనది మురుగునీటి ప్లాంటులో ఆపరేటరు కొలువు. వచ్చే నెలలో రిటైరవుతున్నాడు. ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా ఆయనకు అమ్మే గుర్తొస్తుంది. పేరమ్మ పోయి నాలుగేళ్ళయింది.

తుఫానులో పడవ పోయాక దొరికిన కొలువది. ఇంటిల్లిపాదీ సంతోషించారు, పేరమ్మ తప్ప. ఆమె పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ పాళెం పక్క కాలవలో దిగి పీతలు పట్టి, వాకాడు సంతలో అమ్మిన మనిషి. ప్లాంటు నీళ్ళు వదిలేది ఆ కాలవలోకే.

"ఊరి కంపంతా తెచ్చి మన కాలవలో పోసే కొలువా నీది?" అనింది.

అంతే, గంప అటకెక్కించింది. కాలవ పీత అమ్మనూ లేదు, వండనూ లేదు. ఎండుచేపల బేరం పెట్టుకుంది. కొడుకు డ్యూటీ దిగి వస్తే గడప బయటే నీళ్ళు పోసుకోమనేది. అమ్మ మళ్ళీ కాలవలో దిగాలి, ముత్యాలయ్య కోరిక అదొక్కటే.

నచ్చజెప్పడానికి ఆయన చెయ్యని ప్రయత్నం లేదు. టౌన్లో స్నానాల నీళ్ళు, గిన్నెలు తోమిన నీళ్ళు, మరుగుదొడ్డి నీళ్ళు, అన్నీ గొట్టాల్లో పంపుహౌసుకు, అక్కణ్ణించి ప్లాంటుకు వస్తాయని చెప్పాడు. జల్లెడ దగ్గర కవర్లూ గుడ్డపీలికలూ ఆగిపోతాయి. తర్వాత గాలి తొట్టి. అడుగునించి గాలి కొడుతుంటే, కంటికి కనపడని పురుగులు ఆ గాలి పీల్చుకుని మురికిని తినేస్తాయి. ఆ పైన నీళ్ళు తేరుకునే తొట్టి, చివర కాస్త బ్లీచింగు, అప్పుడు కాలవ. పేరమ్మ అంతా ఓపిగ్గా విని, పురుగుల ఎంగిలా మా పీతలకు పెట్టేది అనింది.

ఒక ఏడు గంగమ్మ జాతర ముందు గాలి కొట్టే మిషను చెడి, బాగయ్యేసరికి ప్లాంటంతా కంపు పట్టింది. పొంగలి కుండలెత్తుకుని ఆడవాళ్ళు నడిచేది కాలవ గట్టు మీదనే. అమ్మ కుండెత్తుకుని ముక్కు మూసుకోవడం చూడలేననుకున్నాడు. ఏటా జాతరకు ముందు పాళెంలో మంచినీళ్ళ బావికి బ్లీచింగు పోయడం ఆనవాయితీ. బావికి మంచిదైంది తొట్టికి చెడ్డదవుతుందా అని, చివర కలపడానికని ఉంచిన రెండు బస్తాలు తెచ్చి గాలి తొట్టిలో గుమ్మరించాడు. కంపు పోయింది. జాతర దివ్యంగా జరిగింది. మనవాడు మీసం దువ్వుకున్నాడు.

మూడో రోజుకు తొట్టిలో మట్టిరంగు నురగ తెల్లగా పాలిపోయింది. నీళ్ళు బియ్యం కడుగులా కాలవలోకి దిగుతున్నాయి. ముత్యాలయ్య కాలవ తూము తనే మూసేసి ఇంజినీరు పద్మనాభయ్యకు కబురు పెట్టాడు. ఆయన సీసాలో నీళ్ళు పట్టి చూసి తల పట్టుకున్నాడు.

"పని చేసేవాళ్ళందర్నీ చంపేసినావు కదయ్యా. ఇంక పని ఎవరు చేస్తారు?"

వచ్చే మురుగు ఆగేది కాదు. పక్కనున్న గుంటలోకి మళ్ళిస్తే పది రోజులకు చోటుంది. ఆలోగా పురుగులు మళ్ళీ పుట్టకపోతే పచ్చి మురుగు కాలవలో పడాల్సిందే. ఇంకో ప్లాంటునుంచి ట్యాంకరుతో పురుగులున్న బురద తెప్పిస్తానని, అది నిలదొక్కుకోవడానికి బెల్లం, పేడ కావాలని పద్మనాభయ్య చెప్పాడు.

ఇంటికొచ్చి ముత్యాలయ్య ఏదీ దాచలేదు. "జాతరలో నీకు వాసన రాకూడదని పోసినానమ్మా," అన్నాడు.

తెల్లారి పేరమ్మ ప్లాంటు గేటు దగ్గర నిలబడి ఉంది, నెత్తిన పేడ గంపతో. వెనక ఇంకో ముగ్గురు. పక్కూరి రైతుల కొట్టాలన్నీ తిరిగి అడుక్కొచ్చారట. కొడుకు పేడ అందుకోబోతే, నీకు చేతకాదు పోరా అని, కళ్ళాపికి కలిపినట్టు తనే డ్రమ్ములో పేడా బెల్లం కలిపి, ట్యాంకరు బురద దించిన తొట్టిలో పోయించింది. ఒక్కరోజు కాదు, తొమ్మిది రోజులు. మధ్యాహ్నం ఆ తొట్టి గట్టు మీదే కూర్చుని, తెచ్చుకున్న సద్ది ముద్దలు చేసి కొడుక్కి పెట్టేది. ఆ తొమ్మిది రోజులంత సుఖం తన జన్మలో లేదని ముత్యాలయ్య ఇప్పటికీ అంటాడు.

తొమ్మిదో రోజు సీసాలో బురద అడుక్కి దిగి, పైన నీళ్ళు తేటగా నిలిచాయి. పద్మనాభయ్య వాటిని పరీక్ష చేయించి, బాగున్నాయని తేలాకనే తూమెత్తించాడు. పేరమ్మ చూసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది.

వారం తర్వాత ముత్యాలయ్య పనిమీద వాకాడు వెళ్ళాడు. సంత మొదట్లో అమ్మ కూర్చుని ఉంది, ముందు గంప నిండా పీతలు, కాళ్ళకు ఇంకా కాలవ బురద. బేరానికొచ్చిన ఆయన ఎక్కడివని అడిగి, ఆ కాలవ పైన మురుగు ప్లాంటుంది కదమ్మా అని నసిగాడు.

"ఉంటే ఏమయ్యా?" అనింది పేరమ్మ. "ఆడ నీళ్ళు కడిగేది నా కొడుకే."

వెనక నిలబడిన కొడుకును ఆమె చూడలేదు.